బరా బండా, ఇడ్లీ బండా: నిర్ణయం తలలో ఎక్కడ జరుగుతుంది?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్ళు ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. చివర్లో సభికుల ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి మస్తిష్కము, నాడీమండలము అంటూ మొదలుపెడితే బాగోదు కాబట్టి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను. కొన్ని ఇంగ్లీషు పేర్లు మాత్రం తప్పవు. వాటిని బట్టీ పట్టక్కర్లేదు, ఏ చోటు ఎవరితో మాట్లాడుతోంది అన్నది పట్టుకోండి చాలు.

పొద్దున్నే బస్టాండులో దిగారు అనుకోండి. గుణుపురం నుంచో, పాతపట్నం నుంచో. కడుపు కాలుతోంది. ఒక పక్క మీరు ఎప్పుడూ తినే బరా-ఘుగుని, అంటే గారెలు, బఠాణీ కూర, అమ్మే బండి ఉంది, రుచి తెలుసు, రేటు తెలుసు, ఆ బండి ఆయనకి మీ ముఖం కూడా తెలుసు. ఇంకో పక్క కొత్తగా పెట్టిన ఇడ్లీ బండి, చుట్టూ జనం మూగి ఉన్నారు, బాగుంటుందో లేదో తెలీదు. కాసేపు అటూ ఇటూ చూస్తారు, ఒక బండి వైపు నడుస్తారు. తర్వాత ఎవరైనా అడిగితే "ఏదో, తినాలనిపించింది" అంటారు. ఆ అనిపించడం ఎక్కడ జరిగింది? ఈరోజు నేను మాట్లాడేది అంతా ఆ కాసేపటి గురించే.

కుర్రాళ్ళని అడిగితే వెంటనే జవాబు వస్తుంది. డోపమిన్, సార్! (నవ్వులు) రీల్స్‌లో రోజూ వింటున్నారుగా. డోపమిన్ అంటే ఆనందం, ఫోన్ చూస్తే డోపమిన్, మిఠాయి తింటే డోపమిన్, రెండు రోజులు ఫోన్ పక్కన పెడితే డోపమిన్ డీటాక్స్. నాకు ఈ మాటలు వింటే కొంచెం చిరాకు వస్తుంది, దాచుకోను. డోపమిన్ మన మెదడులోనే తయారయ్యే ఒక రసాయనం, అది లేకపోతే బతకలేం, దాన్ని కడిగి పారేయడానికి అదేం విషం కాదు. ఫోన్ తగ్గించండి, మంచిదే, కానీ దానికి ఆ పేరు పెట్టొద్దు.

ఈ ఆనందం కథ ఎక్కడ మొదలైందో చెప్తాను. 1954లో కెనడాలో మాంట్రియల్ నగరం, మెక్‌గిల్ యూనివర్సిటీ. జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అని ఇద్దరు. ఎలుక మెదడులోకి సన్నని తీగ దించారు, పంజరంలో ఒక మీట పెట్టారు, ఎలుక మీట నొక్కితే దాని మెదడులోకే కొంచెం కరెంటు వెళ్తుంది. తీగ మెదడులో కొన్ని చోట్ల ఉన్నప్పుడు ఎలుక ఆ మీటని గంటకి వందలసార్లు నొక్కింది. తిండి లేదు, నీళ్ళు లేవు, బహుమతి అంటే ఆ కరెంటు ఒక్కటే. అది చూసి లోకమంతా మెదడులో సుఖానికి ఒక సెంటర్ దొరికింది అనుకుంది, ఇప్పటికీ పేపర్లలో "రివార్డ్ సెంటర్" అని రాస్తూనే ఉంటారు.

అలాంటి సెంటర్ లేదు. ఉన్నది దారులు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. మెదడులో చోట్లు అన్నీ బాగానే ఉన్నా వాటి మధ్య రాకపోకలు చెడితే నిర్ణయం చెడుతుంది. దీనికి ఎలుకల నుంచి, కోతుల నుంచి, మనుషుల నుంచి కూడా సాక్ష్యాలు ఉన్నాయి, ఒక్కొక్కటే చూద్దాం.

ముందు డోపమిన్ సంగతి తేల్చేద్దాం. వుల్‌ఫ్రాం షుల్జ్ అని ఒక శాస్త్రవేత్త, స్విట్జర్లాండులో కోతుల మీద పనిచేశాడు. మన మెదడు అడుగున, మధ్య మెదడులో, డోపమిన్ తయారుచేసే నాడీకణాలు ఉంటాయి, మనిషిలో మొత్తం మీద నాలుగు నుంచి ఆరు లక్షలు. మెదడులో ఉన్న మొత్తం నాడీకణాలు 8,600 కోట్లు, అందులో ఇవెంత, చిటికెడు. మామూలప్పుడు ఇవి సెకనుకి మూడు నాలుగు సార్లు మెల్లగా కొట్టుకుంటూ, అంటే చిన్న కరెంటు మెరుపులు పంపుతూ ఉంటాయి. షుల్జ్ ఆ కణాల పక్కన తీగ పెట్టి వింటూ, కోతి నోట్లో ఒక చుక్క పళ్ళరసం వేశాడు. కణాలు ఒక్కసారిగా గబగబా కొట్టుకున్నాయి. ఆనందమే కదా అనుకోవచ్చు. ఆగండి. తర్వాత ప్రతిసారీ రసానికి ముందు ఒక లైటు వెలిగించడం మొదలుపెట్టాడు. కోతి నేర్చుకుంది, లైటు వెలిగితే రసం వస్తుందని. నేర్చుకున్నాక రసం పడినప్పుడు ఆ కణాలు పట్టించుకోలేదు! లైటు వెలిగినప్పుడు గబగబా కొట్టుకున్నాయి, రసానికి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రసం రుచి తగ్గలేదు, కోతి సంతోషంగా తాగుతూనే ఉంది. ఇంకో రకంగా చూశాడు, లైటు వెలిగించి రసం ఇవ్వలేదు. సరిగ్గా రసం రావాల్సిన ఆ క్షణానికి కణాలు చప్పున ఆగిపోయాయి, మామూలుగా కొట్టుకునే ఆ మెల్లటి కొట్టుకోవడం కూడా కాసేపు లేదు.

అంటే ఆ కణాలు చెప్పేది "బాగుంది" అని కాదు. "అనుకున్నదానికంటే ఎంత ఎక్కువ వచ్చింది, ఎంత తక్కువ వచ్చింది" అని. అనుకున్నంతే వస్తే చెప్పడానికి ఏమీ లేదు. 1997లో షుల్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటెగ్యూ ముగ్గురూ కలిసి దీన్ని లెక్కతో సహా రాశారు. చిత్రమేమిటంటే ఆ లెక్క జీవశాస్త్రం నుంచి వచ్చింది కాదు, కంప్యూటర్ వాళ్ళది. యంత్రం తన తప్పుల నుంచి తానే ఎలా నేర్చుకోవాలి అని 1980లలో రిచర్డ్ సటన్, ఆండ్రూ బార్టో తయారుచేసిన పద్ధతి అది. ఆ ఇద్దరికీ 2024 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఇప్పుడు మీరు వింటున్న ఏఐ గొడవలో ఒక ముఖ్యమైన వేరు, కోతి మధ్య మెదడులో ఉన్న వేరు, రెండూ ఒకటే. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతి.

మన బండి దగ్గరికి రండి. బరా బండిలో ఎప్పుడూ తినే రుచే ఇవాళా దొరికింది, డోపమిన్ కణాలకి పెద్ద పని లేదు. కొత్త ఇడ్లీ బండికి వెళ్ళారు, ఏదో ఉంటుందిలే అనుకుంటే అద్భుతంగా ఉంది, అప్పుడు కణాలు లేస్తాయి. మర్నాడు ఆ బండి దూరం నుంచి కనిపిస్తేనే లేస్తాయి. నాలుగు రోజులు పోయాక ఇడ్లీ పులిసిపోయి వచ్చింది, చప్పున పడిపోతాయి. ఆ పడిపోవడానికి కూడా వేరే ఒక చోటు నుంచి కబురు రావాలి. హెబెన్యులా అని మెదడు మధ్యలో చిన్న ముడి లాంటి భాగం ఉంది. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమోతో, హికోసాకా కోతుల్లో చూపించారు, బహుమతి రాదని తెలియగానే ఈ హెబెన్యులా కణాలు లేస్తాయి, అవి లేచిన వెంటనే డోపమిన్ కణాలు అణిగిపోతాయి. ఆశాభంగానికి కూడా ఒక దారి ఉందన్నమాట.

ఇప్పుడు ఈ కబురు ఎలా వెళ్తుంది? మెదడులో మామూలు నాడీకణం ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తుంది. కణం నుంచి పొడుగ్గా సాగే తీగ ఒకటి ఉంటుంది, దాని చివర, అవతలి కణాన్ని కలిసే సంధి దగ్గర కొంచెం రసాయనం వదులుతుంది, అవతలి కణం అందుకుంటుంది, అంతా వెయ్యోవంతు సెకనులో అయిపోతుంది. డోపమిన్ అలా కాదు, అది పాతకాలం ఊళ్ళో వేసే దండోరా. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టదు, వీధిలో ఒకటే మాట అరుచుకుంటూ పోతుంది, ఎవరికి పనికొస్తుందో వాళ్ళు వింటారు. లెక్క చూడండి, ఎలుకలో ఒక్క డోపమిన్ కణం తీగ కొమ్మలన్నీ కలిపి కొలిస్తే సగటున దాదాపు అర మీటరు వచ్చింది. ఎలుక మెదడు మొత్తం పొడవు రెండు మూడు సెంటీమీటర్లు! అంత చిన్న చోట అంత తీగ అంటే, ఒక కణం ఎంత మందికి వినిపిస్తోందో ఊహించుకోండి.

సరే, అరిచింది. వినేది ఎవరు? ఎక్కువగా స్ట్రయేటం అనే భాగం. మెదడు లోపల, రెండు పక్కలా ఉంటుంది. మెదడు పైపొర, కార్టెక్స్ అంటాం, అక్కడ నుంచి అన్ని ఆలోచనలూ దీనిలోకి దిగుతాయి. బరా బండి వైపు నడుద్దాం అనే ఆలోచన, ఇడ్లీ బండి వైపు నడుద్దాం అనే ఆలోచన, అసలు తినకుండా టీ తాగి బస్సెక్కేద్దాం అనే ఆలోచన, అన్నీ. ఇక్కడ ఒక తమాషా ఏర్పాటు ఉంది. మనం పనులు మొదలుపెట్టాలంటే మెదడు వాటిని కొత్తగా నెట్టక్కర్లేదు, ఎందుకంటే పనులన్నీ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి, వాటిని ఎప్పుడూ అణిచి ఉంచే భాగం ఒకటి ఉంటుంది. స్ట్రయేటంలో ఒక రకం కణాలు, "సరే" కణాలు అనుకుందాం, లేస్తే, ఆ అణచడం ఒక్క పని మీద సడలుతుంది, ఆ పని జరుగుతుంది. ఇంకో రకం, "వద్దు" కణాలు, లేస్తే అణచడం ఇంకా గట్టిపడుతుంది. డోపమిన్ ఎక్కువ వచ్చినప్పుడు, అప్పుడే పనిచేసి ఉన్న "సరే" సంధులు బలపడతాయి, డోపమిన్ పడిపోయినప్పుడు "వద్దు" సంధులు బలపడతాయి. ఊరంతా ఒకే దండోరా విన్నా, ఆ కాసేపటిలో పనిలో ఉన్న సంధులే మారతాయి, మిగతావి మారవు. అందుకే ఇడ్లీ బాగుందంటే ఇడ్లీ బండి వైపు నడిచే అలవాటే పెరుగుతుంది గాని బస్సెక్కే అలవాటు పెరగదు.

స్ట్రయేటం దగ్గర ఆగిపోదు. అక్కడి నుంచి కబురు మెదడు నడిమధ్య ఉన్న థాలమస్‌కి, థాలమస్ నుంచి మళ్ళీ కార్టెక్స్‌కి, అంటే చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే. 1986లో అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ అని ముగ్గురు ఇలాంటి చుట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయని, ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయని రాశారు. చెయ్యీ కాలూ కదిపేవాటికి ఒక చుట్టు, కళ్ళు తిప్పడానికి ఒకటి, కోరికలకి, విలువలకి వేరే చుట్లు. పార్కిన్సన్స్ జబ్బులో ముందు చెయ్యి వణుకే కనిపిస్తుంది, అయినా ఆలోచన కూడా దెబ్బతింటుంది, ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ జబ్బులో డోపమిన్ కణాలు చచ్చిపోతూ ఉంటాయి, డోపమిన్ తగ్గితే చుట్లన్నీ మందగిస్తాయి.

ఇక విలువ కట్టే వాళ్ళ సంగతి. కళ్ళకి సరిగ్గా పైన, నుదుటి వెనక ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ అని ఉంటుంది. 2006లో హార్వర్డ్‌లో పడోవా-షియోప్పా, అసాద్ ఇద్దరూ కోతులకి రెండు రకాల పళ్ళరసాలు చూపించారు, ఇది ఒక చుక్క ఇస్తాను, అది మూడు చుక్కలు ఇస్తాను, ఏది కావాలి అని. కోతి మంచి రసం ఒక చుక్క కోసం మామూలు రసం రెండు చుక్కలు వదులుకుంటుంది, మూడు నాలుగు చుక్కలైతే మామూలు రసమే తీసుకుంటుంది. మన సంతలో బేరం కన్నా తక్కువేం కాదు. ఆ చోట కొన్ని కణాలు రసం ఏ పక్కన ఉంది, కోతి ఎటు కన్ను తిప్పాలి అన్నదానితో సంబంధం లేకుండా, ఒక్కోదాని విలువనే చెప్తున్నాయి. రకరకాల వస్తువులని ఒకే కొలతలోకి మార్చే చోటు ఇది. బరా రుచి, ఇడ్లీ రుచి, చేతిలో చిల్లర, బస్సుకి టైం, అన్నీ ఒకే తూకంలో పడాలి కదా, లేకపోతే పోల్చడం ఎలా?

ఈ చోటు, దాని పక్కనే ముందు మెదడు అడుగు భాగం, ఇవి దెబ్బతిన్న మనుషులతో ఆడించిన ఒక పేకాట ఉంది. అయోవా యూనివర్సిటీ, 1994. బెకారా, డమాసియో, వాళ్ళ తోటివాళ్ళు. నాలుగు కట్టలు. రెండు కట్టల్లో ఏ ముక్క తీసినా 100 డాలర్లు వస్తాయి, కానీ మధ్య మధ్యలో పెద్ద జరిమానాలు, పది ముక్కలు తీసేసరికి 250 నష్టం. మిగతా రెండు కట్టల్లో ముక్కకి 50 మాత్రమే, జరిమానాలు చిన్నవి, పది ముక్కలకి 250 లాభం. మామూలు మనుషులు కొంత ఆడాక మెల్లగా మంచి కట్టల వైపు జరుగుతారు. ఈ రోగులు జరగరు. తెలివితక్కువ వాళ్ళా అంటే కాదు, లెక్కలు వచ్చు, జ్ఞాపకం బాగుంది, మాట బాగుంది. తర్వాత చేసిన పరీక్షల్లో ఇంకా వింత బయటపడింది. మామూలు వాళ్ళకి చెడ్డ కట్ట మీద చెయ్యి వేయబోయే ముందే అరచేతిలో చెమట పెరుగుతోంది, ఏ కట్ట చెడ్డదో నోటితో చెప్పగలిగే ముందే. రోగులకి ఆ చెమట లేదు. పైగా వాళ్ళలో కొందరు "ఆ కట్టలు మంచివి కావు" అని నోటితో చెప్తూనే మళ్ళీ అవే తీశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. తెలుసు, అయినా తీశారు. మనం ఇలాంటి వాళ్ళని ఏమంటాం? బుద్ధి లేదంటాం, నోటికొచ్చినట్టు తిడతాం. బుద్ధి ఉంది. బుద్ధి ఉన్న చోటు నుంచి చెయ్యి కదిపే చోటికి దారి తెగింది. అరచేతి చెమట వెనక అమిగ్డాలా ఉంటుంది, భయం, నష్టం వీటిని పట్టుకునే భాగం, దానికీ ముందు మెదడుకీ మధ్య ఉన్న రాకపోక అక్కడ లేదు.

ఇలాంటి రాకపోకల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మధ్య కూడా ఎక్కువ తక్కువలు ఉంటాయి. 2009లో కాల్‌టెక్‌లో హేర్, కేమరర్, రేంజెల్ డైటింగ్ చేస్తున్నవాళ్ళని స్కానర్‌లో పడుకోబెట్టి తినుబండారాల ఫొటోలు చూపించారు, రుచికి ఎన్ని మార్కులు, ఆరోగ్యానికి ఎన్ని మార్కులు అని ముందే రాయించుకున్నారు. ముందు మెదడు అడుగు భాగం అందరిలోనూ విలువ కడుతోంది. నోరు కట్టుకోలేని వాళ్ళలో ఆ విలువలో రుచి మాత్రమే ఉంది. నోరు కట్టుకోగలిగిన వాళ్ళలో ఆరోగ్యం కూడా కలిసింది, ఎందుకంటే నుదుటి పై పక్క భాగం లేచి, ఈ విలువ కట్టే భాగాన్ని సవరిస్తోంది. రెండు వేర్వేరు మనసులు కొట్టుకుని ఒకటి గెలవడం కాదు చూడండి. తూకం ఒక్కటే, ఆ తూకంలో ఎవరి మాట పడుతోంది అన్నదే తేడా.

ఎలుకలది ఒకటి చెప్పాలి, ఇది నాకు ఇష్టమైంది. దారి రెండుగా చీలే చోట ఎలుక ఆగుతుంది, తల ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది. టోల్మన్ అనే ఆయన 1930లలోనే ఇది గమనించాడు, అది లోపల ఊహించుకుంటోంది అన్నాడు, చాలామంది నవ్వారు. 2007లో జాన్సన్, రెడిష్, చోట్లు గుర్తుపెట్టుకునే భాగమైన హిప్పోక్యాంపస్‌లో తీగలు పెట్టి చూశారు. హిప్పోక్యాంపస్‌లో ఒక్కో కణం ఒక్కో చోటుకి లేస్తుంది, కాబట్టి ఏ కణాలు లేస్తున్నాయో చూస్తే ఎలుక ఎక్కడుందో చెప్పొచ్చు. చీలిక దగ్గర ఆగి ఉన్న ఎలుకలో, ముందున్న దారి తాలూకు కణాలు లేచాయి, ఒకసారి ఈ దారి, ఒకసారి ఆ దారి. కాళ్ళు కదల్లేదు, లోపల నడిచేసింది! తర్వాత రెడిష్ బృందమే ఇంకోటి చూసింది, స్ట్రయేటం కింది భాగంలో తిండి దొరికినప్పుడు మాత్రమే లేవాల్సిన కణాలు, తిండి లేని ఆ చీలిక దగ్గర కూడా కొంచెం లేస్తున్నాయి. ఒక భాగం "ఇటు వెళ్తే" అంటుంటే ఇంకో భాగం "వెళ్తే ఏం దొరుకుతుంది" అని రుచి చూసుకుంటోంది అనిపిస్తుంది. రెండు బళ్ళ మధ్య నిలబడి అటూ ఇటూ చూసిన మీరు చేసిందీ బహుశా ఇదే.

ఇక రెండూ సమానంగా బాగున్నాయి, తేలడం లేదు, అప్పుడు? తొందరపడకుండా ఆపేది కావాలి. నుదుటి మధ్య గోడ లోపలి వైపు ఒక భాగం ఉంది, తగువు వచ్చినప్పుడు అక్కడ సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు లేచి పడే లయ, తీటా అంటాం, పెరుగుతుంది. దాని కబురు లోతుల్లో ఉన్న సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే గింజంత చోటికి వెళ్తుంది, అది అన్ని పనుల మీదా అణచడం పెంచుతుంది, "ఆగు, ఇంకా చూద్దాం" అన్నట్టు. ఇది ఎలా తెలిసింది? పార్కిన్సన్స్ బాగా ముదిరిన వాళ్ళకి సరిగ్గా ఆ గింజలోనే తీగ పెట్టి కరెంటు ఇచ్చే వైద్యం ఉంది. వణుకు తగ్గుతుంది. మైకెల్ ఫ్రాంక్ బృందం 2007లో చూసింది, కరెంటు ఆన్‌లో ఉన్నప్పుడు ఈ మనుషులు కష్టమైన ఎంపికల దగ్గర ఆగడం లేదు, తొందరపడుతున్నారు. 2011లో కావనా, ఫ్రాంక్, ఇంకా కొందరు దీన్ని ఇంకా విప్పారు. మామూలుగా నుదుటి మధ్య తీటా పెరిగితే మనిషి నెమ్మదిస్తాడు. కరెంటు ఆన్ చేస్తే ఆ సంబంధం తిరగబడింది. తీటా పెరుగుతూనే ఉంది, అంటే పైనున్న భాగం తన పని తాను చేస్తూనే ఉంది, తగువును గుర్తించింది, కబురు పంపింది. కింద అందలేదు. నేను మొదట్లో అన్న మాటకి ఇంతకంటే తిన్నని సాక్ష్యం నాకు తెలీదు.

లయల గురించి ఒక మాట, త్వరగా. రెండు భాగాలు ఒకే లయలో ఊగుతుంటే వాటి మధ్య కబుర్లు బాగా అందుతాయని పాస్కల్ ఫ్రీస్ 2005లో గట్టిగా వాదించాడు. అవతలి వాళ్ళు వినే క్షణంలో చెప్తేనే మాట చేరుతుంది అని. అందమైన ఆలోచన. లయే కబురును మోస్తోందా, కబురు వెళ్ళినందువల్ల లయ పుడుతోందా అన్న తగువు ఇంకా తెగలేదు, నేనైతే కావనా వాళ్ళ పరీక్ష లాంటివి చూశాక లయ ఉత్త నురగ కాదనే అనుకుంటాను.

ఈమధ్య వచ్చిన పెద్ద పని ఒకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది. అంతర్జాతీయ ల్యాబుల కూటమి, పన్నెండు ల్యాబుల్లో ఒకే పరీక్ష, అచ్చం ఒకేలా. చిట్టెలుక ముందు తెర, తెర మీద ఏ పక్క చారలు కనిపిస్తే చిన్న చక్రం తిప్పి వాటిని మధ్యకి తేవాలి, సరిగ్గా చేస్తే తియ్యటి నీళ్ళు. 139 చిట్టెలుకలు, 279 మెదడు భాగాలు, ఆరు లక్షలకు పైగా నాడీకణాలు. ఇంతకుముందు ఒక్కో ల్యాబు తనకిష్టమైన ఒక భాగంలో తీగ పెట్టేది, అక్కడ నిర్ణయం తాలూకు చప్పుడు వినగానే నిర్ణయం ఇక్కడే జరుగుతోందని రాసేసేది. వీళ్ళు అంతటా విన్నారు. చారలు కనిపించిన చప్పుడు మొదట చూపు భాగాల్లోనే, అది అనుకున్నదే. కానీ ఎటు తిప్పాలి అన్న చప్పుడు చాలా చోట్ల వినపడింది, కాళ్ళూ చేతులూ చూసుకునే వెనక మెదడులో కూడా. తియ్యటి నీళ్ళు అందినప్పుడైతే దాదాపు మెదడంతా స్పందించింది. రివార్డ్ సెంటర్ అని ఇంకా వెతుకుతున్నవాళ్ళకి ఇది కొంచెం ఇబ్బందే. (నవ్వులు) చప్పుడు వినపడిన ప్రతిచోటా నిర్ణయం తయారవుతోందని కాదు, కొన్ని చోట్లకి ఊరికే తెలిసి ఉండొచ్చు. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు అని విడదీయడమే ఇప్పుడు మిగిలిన పని.

సరే, అడగండి.

ఒక తల్లి: మా పెద్దబ్బాయి ఫోన్లో రమ్మీ ఆడి చాలా డబ్బు పోగొట్టుకున్నాడండి. పోతోందని తెలిసి కూడా ఎందుకు ఆడతారు?

అమ్మా, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది, అది వేరే సంగతి. మీరు అడిగింది ఎందుకు అని. రెండు కారణాలు చెప్తాను. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, వచ్చిన ప్రతిసారీ అది అనుకున్నదానికంటే ఎక్కువే, కాబట్టి డోపమిన్ కణాలు ప్రతి గెలుపుకీ లేస్తూనే ఉంటాయి, బరా బండికి అలవాటు పడ్డట్టు దీనికి అలవాటు పడవు. రెండోది ఇంకా పాడు సంగతి. 2009లో ల్యూక్ క్లార్క్, ఆయన తోటివాళ్ళు జూదం యంత్రం మీద చూశారు, రెండు బొమ్మలు ఒకటే వచ్చి మూడోది కొంచెంలో తప్పితే, అంటే ఓడితే, గెలిచినప్పుడు లేచే భాగాల్లో కొన్ని లేచాయి. ఆడేవాళ్ళని అడిగితే అలా తప్పడం బాధగానే ఉంది అన్నారు, కానీ ఇంకా ఆడాలని ఉంది అని కూడా అన్నారు. బాధ వేరు, ఆడాలనిపించడం వేరు, రెండూ వేర్వేరు దారులు. రమ్మీలో ఒక్క ముక్క తక్కువై పోయిన ఆటలు ఎన్ని ఉంటాయో మీవాణ్ణి అడగండి. తిట్టి లాభం ఉండదు, తెలీక ఆడట్లేదు కదా. ఆ యాప్ తీసేయడం, యూపీఐ పిన్ను కొన్నాళ్ళు ఇంకొకరి దగ్గర ఉంచడం, బరంపురంలో పెద్ద మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ మానసిక వైద్యులకి చూపించడం, ఇవి పనికొస్తాయి.

ఒక పెద్దాయన: బాబూ, పార్కిన్సన్స్ అన్నావు. నాకు నాలుగేళ్ళ నుంచి మందులు వాడుతున్నారు. ఈ మధ్య మా ఆవిడ అంటుంది, నేను ఊరికే డబ్బు ఖర్చు చేస్తున్నానని. ఇది దానికి సంబంధమా?

మాస్టారూ, మంచి ప్రశ్న అడిగారు, అందరి ముందు అడగడం ఇంకా మంచిది. ఆ జబ్బుకి ఇచ్చే మందుల్లో ఒక రకం డోపమిన్‌లా నటించేవి ఉన్నాయి, అవి వాడే వాళ్ళలో కొంతమందికి జూదం, విపరీతంగా కొనడం, విపరీతంగా తినడం లాంటివి పట్టుకుంటాయి, ఇది డాక్టర్లకి బాగా తెలిసిన సంగతి. మైకెల్ ఫ్రాంక్ వాళ్ళే 2004లో చూపించారు, మందు వేసుకోనప్పుడు ఈ రోగులు నష్టాల నుంచి బాగా నేర్చుకుంటున్నారు, మందు వేసుకున్నాక లాభాల నుంచి బాగా నేర్చుకుంటున్నారు, నష్టాల పాఠం మందగిస్తోంది. డోపమిన్ పడిపోవడం కూడా ఒక కబురు అన్నాను కదా, మందు దాన్ని నింపేస్తే ఆ కబురు వినపడదు. మీకు జరుగుతున్నది అదేనా అని నేను ఇక్కడ నుంచి చెప్పకూడదు. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. అమ్మగారిని వెంటబెట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆవిడ చూసింది ఆవిడ నోటితోనే చెప్పించండి. చాలాసార్లు మందు మార్చితే, మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది.

ఒక ఇంటర్ విద్యార్థిని: సార్, ఇవన్నీ ఎలుకలు, కోతులే కదా. మనుషుల డోపమిన్ కణాలని ఎవరైనా నేరుగా విన్నారా?

విన్నారమ్మా. మామూలుగా మనుషులకి చేసే స్కాన్ రక్తంలో ప్రాణవాయువు మార్పుని చూస్తుంది, అది కొన్ని సెకన్లు ఆలస్యం, పైగా అందులో ఒక్క చుక్క లాంటి చోట లక్షల కణాలు ఉంటాయి. కణాన్ని వినాలంటే తీగ పెట్టాలి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎవరూ పెట్టరు. ఇందాక చెప్పిన పార్కిన్సన్స్ ఆపరేషన్ ఉంది చూడండి, అందులో మనిషి మెలకువగానే ఉంటాడు, తీగ సరైన చోటికి చేరిందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు దారిలో ఉన్న కణాల చప్పుడు ఎలాగూ వింటారు. ఆ దారి పక్కనే డోపమిన్ కణాలు ఉంటాయి. 2009లో అమెరికాలో జాగ్లూల్, కహానా వాళ్ళు, రోగుల అనుమతితో, ఆ ఆపరేషన్ టేబుల్ మీదే వాళ్ళ చేత కంప్యూటర్ మీద రెండు కట్టల పేకాట ఆడించారు. ఏ కట్టలో గెలుపు ఎక్కువో ఆడుతూ తెలుసుకోవాలి. అనుకోకుండా గెలిచినప్పుడు ఆ కణాలు లేచాయి, అనుకోకుండా ఓడినప్పుడు తగ్గాయి, అనుకున్నదే జరిగినప్పుడు పెద్దగా మార్పు లేదు. కోతిలో చూసిందే. ఒక చిక్కు ఉంది, వాళ్ళు రోగులు, డోపమిన్ కణాలు చాలావరకు చచ్చిపోయి మిగిలినవి అవి, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా అచ్చం ఇలాగే ఉంటుందని దాన్నొక్కదాన్నే పట్టుకుని చెప్పలేం. కోతి, ఎలుక, ఈ రోగులు, మూడూ ఒకే మాట చెప్తున్నాయి కాబట్టి నమ్ముతున్నాం. నువ్వు బయాలజీ గ్రూపా, మాథ్స్ గ్రూపా? మాథ్సా? ఏం పర్వాలేదు, ఈ పని చేసేవాళ్ళలో చాలామంది లెక్కలవాళ్ళే.